కిటికీకి అటువైపు కూర్చున్న మనిషి



నాకు తెలిసిన రెండు ఇళ్ళ సంగతితో మొదలుపెడతాను. ఒకే వీధి, పిల్లలు చదివింది ఒకే ఇంజనీరింగు కాలేజీ, మార్కుల్లో తేడా అర శాతం. ఇద్దరమ్మాయిలూ ఒకే బ్యాంకులో విద్యా రుణం తీసుకున్నారు. ఒకే విదేశీ యూనివర్సిటీలో ఒకే కోర్సుకి సీటు తెచ్చుకున్నారు. ఒకే రోజు పొద్దున ఒక దేశపు వీసా ఆఫీసులో వేరువేరు కిటికీల ముందు నిలబడ్డారు. మొదటి అమ్మాయిని మూడు ప్రశ్నలడిగి పాస్‌పోర్టు తమ దగ్గర ఉంచుకున్నారు. రెండో అమ్మాయినీ ఇంచుమించు అవే మూడు ప్రశ్నలడిగి, పాస్‌పోర్టు తిరిగిచ్చేసి, దాంతోపాటు ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితం మీద పిల్ల పేరు కూడా లేదు. వచ్చిన వాళ్ళందరికీ ఇచ్చే కాగితమే అది.

ఆ సాయంత్రం రెండో అమ్మాయి వాళ్ళమ్మ నన్నడిగింది: "అన్నయ్యా, మా పిల్లలో ఏం తక్కువైందంటారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల దగ్గరా లేదు. కాగితంలోనూ లేదు.

ఇలాంటి ఇల్లు మీ వీధిలోనూ ఉండే ఉంటుంది. మనవాళ్ళు దీనికి రకరకాల కారణాలు చెప్పుకుంటారు. ఫలానా కిటికీ పడితే అంతే అంటారు. పొద్దున్నే వెళితే ఇస్తారు, భోజనం వేళ దగ్గర పడితే ఇవ్వరంటారు. నీలం చొక్కా వేసుకెళ్ళమంటారు. చిలుకూరు బాలాజీకి 'వీసా దేవుడు' అన్న పేరు ఊరికే రాలేదు. కోరిక కోరుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఆ గుడి చుట్టూ తిరిగే పిల్లల్ని చూసి నవ్వే బౌద్ధుల్ని కూడా నేను చూశాను. నాకు నవ్వు రాదు. ఒక నిర్ణయానికి కారణమేమిటో మనిషికి చెప్పకపోతే, అతను దాన్ని ఎక్కడో ఒకచోట వెతుక్కుంటాడు. చొక్కా రంగులోనో, నక్షత్రంలోనో. తప్పు వెతికేవాడిది మాత్రమే కాదు.

ఇంతకీ ఇందులో ధమ్మానికి పనేమిటి? ఎవరి దేశం వాళ్ళిష్టం, ఎవర్ని రానివ్వాలో వాళ్ళు చూసుకుంటారు కదా అని మీరనవచ్చు. నిజమే. ఇంటికి తలుపు ఉండకూడదని ధమ్మం చెప్పదు. ఎవర్ని లోపలికి పిలవాలన్నది ఇంటివాళ్ళు ఆలోచించుకోవలసిందే. కానీ తలుపు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళ సంగతి తేల్చమని అప్పజెప్పాక, ఆ మనిషి మనసు ఎటు వంగుతోందన్న ప్రశ్న వచ్చితీరుతుంది. దాని గురించి భగవాన్ బుద్ధుడు చాలా స్పష్టంగా చెప్పాడు.

రాజగృహంలో సిగాలుడనే గృహస్థు కుమారుడికి చేసిన ఉపదేశం మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో నాలుగు అగతుల ప్రస్తావన వస్తుంది. అగతి అంటే వెళ్ళకూడని దారి. ఛందం, దోసం, మోహం, భయం. ఇష్టం వల్ల, ద్వేషం వల్ల, తెలియనితనం వల్ల, భయం వల్ల మనిషి తప్పు దారిన పోతాడు. వినయ పిటకంలో ఇవే నాలుగు మళ్ళీ కనిపిస్తాయి, అదీ మనం ఊహించని చోట. విహారంలో భిక్ఖువులకు బస ఎవరు కేటాయించాలి, భోజనానికి ఎవర్ని ఏ ఇంటికి పంపాలో ఎవరు చెప్పాలి, చీవరాలు ఎవరు పంచాలి అన్న చోట. ఆ పనికి ఎంచుకునే భిక్ఖువుకి ఉండాల్సిన అర్హతలు ఐదు. ఈ నాలుగు దారుల్లో పోనివాడై ఉండాలి, ఐదోది, ఏది ఇచ్చారో ఏది ఇవ్వలేదో లెక్క తెలిసినవాడై ఉండాలి. ధ్యానంలో ఎంత ఎత్తుకు చేరాడు అన్నది ఆ జాబితాలో లేదు. గుమాస్తాకి కావలసిన అర్హతలవి. నేనూ ముప్ఫై ఏళ్ళు ఎమ్మార్వో ఆఫీసులో బల్ల వెనక కూర్చున్నవాణ్ణే కాబట్టి, ఆ ఐదూ మొదటిసారి చదివినప్పుడు నా గురించే రాసినట్టు అనిపించింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు వీసా కిటికీ దగ్గర ఈ నాలుగూ ఎలా పనిచేస్తాయో చూడండి. ఛందం తేలిగ్గానే తెలుస్తుంది. తన భాష చక్కగా మాట్లాడేవాడు, తను చదివిన కాలేజీ పేరు చెప్పినవాడు నమ్మదగినవాడిలా కనిపిస్తాడు. దోసం కూడా అంతే, ఆ దేశంవాళ్ళంటే ముందే చిరాకు. మోహం గురించి వేరే చెప్పాలి, చెబుతాను. చాలామంది గమనించనిది నాలుగోది, భయం.

అధికారికి భయమేమిటి అంటారా? ఆలోచించండి. అతను వీసా ఇచ్చిన మనిషి రేపు అక్కడ ఏదైనా తప్పు చేస్తే, 'ఎవరిచ్చారు?' అని వెనక్కి తిరిగి అడుగుతారు. అతను కాదన్న వెయ్యి మందిలో తొమ్మిది వందల మంది నిజాయితీపరులైనా, 'ఎందుకు కాదన్నావు?' అని అడిగేవాళ్ళు లేరు. ఇచ్చిన తప్పు బయటపడుతుంది, ఇవ్వని తప్పు ఎవరికీ కనిపించదు. అలాంటి చోట మనసు ఎటు వాలుతుందో చెప్పడానికి అభిధమ్మం చదవక్కర్లేదు.

పైగా కొన్ని చట్టాలు ఆ వాలును ఇంకా పెంచుతాయి. అమెరికా వలస చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. తెలుగునాట ఇంటర్మీడియట్ పిల్లలకు కూడా ఆ అంకె తెలుసు. దాని ప్రకారం, చూసిపోవడానికో చదువుకోవడానికో వస్తానన్న ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నాడనే ముందుగా అనుకోవాలి. కాదని అధికారిని ఒప్పించవలసిన భారం అడిగేవాడిదే. తిరిగి వస్తానని ఇరవై రెండేళ్ళ పిల్ల ఏ కాగితంతో రుజువు చేస్తుంది? ఆస్తి లేనివాళ్ళ పిల్లకి అది మరీ కష్టం. పొలం ఉంటే పొలం చూపిస్తుంది, లేకపోతే ఏం చూపిస్తుంది? కాదంటే పై అధికారికి పెట్టుకునే అప్పీలు లేదు. మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు, మళ్ళీ ఫీజు కట్టాలి. 2023 జూన్ నుంచి అది 185 డాలర్లు. కాదన్నా తిరిగి రాదు.

కోర్టులు కూడా ఈ కిటికీ దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తగ్గుతాయి. 2024లో అమెరికా సుప్రీం కోర్టు ముందుకు వచ్చిన కేసు ఒకటి చెబుతాను. ఆమె అమెరికా పౌరురాలు. భర్తది ఎల్ సాల్వడార్. 2015లో ఆయన వీసా నిరాకరించారు. చట్టవిరుద్ధమైన పనులు చేయడానికి వస్తున్నాడని అధికారి నమ్మినట్టు ఒక సెక్షన్ నంబరు మాత్రం చెప్పారు. ఏ పనులో చెప్పలేదు. ఆయన ఒక నేరస్థుల ముఠా సభ్యుడని అనుమానించామన్న మాట బయటికి రావడానికి, కోర్టులో దావా నడుస్తుండగా, దాదాపు మూడేళ్ళు పట్టింది. ఆయన మాత్రం ఏ ముఠాతోనూ తనకు సంబంధం లేదనే చెబుతూ వచ్చాడు. ఆయన ఒంటి మీది పచ్చబొట్ల వల్ల వచ్చిన అనుమానమేమోనని దంపతులు మొదటినుంచీ అనుకున్నారు. విదేశీయుడైన భర్తను దేశంలోకి రానివ్వాలని కోరే ప్రాథమిక హక్కు భార్యకు రాజ్యాంగం ఇవ్వలేదని కోర్టు తీర్పు చెప్పింది. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్నది నేను తేల్చలేను. నేనడిగేది వేరు. మొదటి రోజే ఆ అనుమానం ముఖం మీద చెప్పి ఉంటే, ఆయన దానికి జవాబు చెప్పుకునేవాడు కదా?

వేరే పద్ధతి సాధ్యం కాదా అంటే, ఉంది. ఐరోపాలో షెంగెన్ దేశాలన్నిటికీ కలిపి 2009లో ఒక వీసా నియమావళి చేసుకున్నారు. దాని ప్రకారం కాదన్నప్పుడు కారణం నిర్ణీత పత్రంలో రాసివ్వాలి, అప్పీలు చేసుకునే హక్కు ఉందని చెప్పాలి. 2017లో పోలండ్ కాన్సులు వీసా నిరాకరించిన ఒక మొరాకో దేశస్థుడి విషయంలో ఐరోపా న్యాయస్థానం ఇంకో అడుగు ముందుకేసింది. ఆ అప్పీలు ఏదో ఒక దశలో కోర్టు దాకా వెళ్ళగలగాలని చెప్పింది. బాగుంది కదా? అయితే అక్కడా అంతా చక్కగా లేదు. నియమావళి ఒక్కటే, కానీ ఒక దేశం కాన్సులేటులో నిరాకరణలు తక్కువ, పక్క దేశం కాన్సులేటులో చాలా ఎక్కువ. అందుకే మన టూరు ఏజెంట్లు "ఆ దేశం ద్వారా వెళ్ళండి, ఈజీగా ఇస్తారు" అని చెబుతుంటారు. కారణం రాసివ్వడమంటే కూడా చాలాసార్లు గడిలో టిక్కు పెట్టడమే. అయినా ఆ టిక్కు చేతిలో ఉన్న తల్లికి, 'ఏం తక్కువైంది' అని అడగడానికి ఒక చోటు ఉంది.

ఇక మోహం. దీన్ని మనిషి ఒక్కడే కాదు, యంత్రం కూడా మోస్తుందని ఈ మధ్యే తెలిసింది. బ్రిటన్‌లో 2015 నుంచి వీసా దరఖాస్తుల్ని ఒక కంప్యూటరు పద్ధతి ముందుగా మూడు రంగులుగా విడదీసేది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఎరుపంటే అనుమానంగా చూడమని. రంగు నిర్ణయించే వాటిలో దరఖాస్తుదారు ఏ దేశస్థుడన్నది ఒకటి. అనుమానించదగ్గ దేశాల జాబితా లోపల ఉండేది. ఎరుపు పడ్డ దరఖాస్తుని ఎక్కువ సేపు, ఎక్కువ అనుమానంతో చూస్తారు. సహజంగానే ఎక్కువగా కాదంటారు. ఆ కాదన్న లెక్కే మళ్ళీ లోపలికి వెళ్ళి, 'చూశారా, ఈ దేశంవాళ్ళవి ఎక్కువ నిరాకరణలున్నాయి' అని ఆ దేశాన్ని ఇంకా ఎర్రగా చేస్తుంది. వలసదారుల సంక్షేమ సంస్థ ఒకటి, ఫాక్స్‌గ్లవ్ అనే సంస్థ కలిసి కోర్టుకెక్కాయి. విచారణకు రాకముందే, 2020 ఆగస్టులో, ప్రభుత్వం ఆ పద్ధతిని ఆపేసింది.

మన ఊళ్ళలో ఈ యంత్రం కంప్యూటరు రాకముందునుంచే ఉంది. ఫలానా వాడలోవాళ్ళు దొంగలని అనుకోవడం, దొంగతనం జరగ్గానే ముందు ఆ వాడకే పోలీసులు వెళ్ళడం, అక్కడ వెతికారు కాబట్టి అక్కడే ఎవరో ఒకరు దొరకడం, 'చెప్పలేదా?' అనడం. బ్రిటిషువాళ్ళు 1871లో కొన్ని తెగల్ని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టి చట్టమే చేశారు. మనకది తెలియని చరిత్ర కాదు. ఇదే మోహం. అబద్ధం కాదు, అది గుర్తుపెట్టుకోండి. లెక్కలు నిజమే చెప్పి ఉండొచ్చు. కానీ ఒక గుంపు గురించిన లెక్క ఒక ప్రశ్నని లేపడానికి పనికొస్తుందేమో గానీ, ఎదుట నిలబడ్డ మనిషి సంగతి తేల్చడానికి పనికిరాదు.

ఇంతవరకు చెప్పింది కిటికీ దగ్గర మనిషి గురించి. అతను నాలుగు అగతులకూ దూరంగా ఉన్నాడనే అనుకుందాం. అందరికీ ఒకటే రూలు పాటిస్తున్నాడనుకుందాం. అప్పుడు అంతా న్యాయమేనా?

ఇక్కడ అమెరికా గ్రీన్‌కార్డు సంగతి చూడాలి. మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇంతగా నిద్ర చెడగొట్టిన విషయం ఇంకొకటి లేదేమో. ఉద్యోగం ద్వారా ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000. 1990 చట్టం ప్రకారం, ఉద్యోగం, కుటుంబం ఈ రెండు మార్గాల్లో ఏ ఒక్క దేశానికీ మొత్తంలో 7 శాతం మించి ఇవ్వకూడదు. మిగిలిపోయినవి ఉంటే కొన్ని అదనంగా రావచ్చు. ఈ రూలు అన్ని దేశాలకూ ఒకటే. 140 కోట్ల మంది ఉన్న భారతదేశానికీ 7 శాతమే, నాలుగు లక్షల మంది కూడా లేని ఐస్‌లాండ్‌కీ 7 శాతమే. ఇంతకంటే సమానంగా ఏముంటుంది?

ఫలితం ఏమిటంటే, ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చుని ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి ఒకటి రెండేళ్ళలో గ్రీన్‌కార్డు వస్తుంది. ఇంకొకరికి పదేళ్ళు దాటినా వంతు రాదు. తల్లిదండ్రులతో చిన్నప్పుడు వెళ్ళిన పిల్లలు, వయసు లెక్కలో కొంత సర్దుబాటున్నా, 21 దాటితే తల్లిదండ్రుల దరఖాస్తులోంచి జారిపోయే ప్రమాదం ఉంది. పెరిగిన దేశంలో తామే మళ్ళీ వీసా వెతుక్కోవాలి. ఈ లెక్క పౌరసత్వాన్ని బట్టి కూడా కాదు. పుట్టిన దేశాన్ని బట్టి. కరీంనగర్‌లో పుట్టి కెనడా పౌరుడైపోయినా వరుసలో భారతదేశం కిందే నిలబడాలి. భార్యో భర్తో వేరే దేశంలో పుట్టి ఉంటే మాత్రం వాళ్ళ పుట్టుక వాడుకోవచ్చు. మనిషి సంపాదించుకున్నది ఏదైనా మారుతుంది, పుట్టుక మారదు.

ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదా?

అయితే తొందరపడకండి. ఈ రూలు పెట్టినవాళ్ళందరూ దుర్మార్గులని నేననను. దీనికి ముందున్న చరిత్ర ఇంకా ఘోరమైనది. 1917లో ఆసియాలో ఎక్కువ భాగం నుంచి అసలు ఎవరూ రాకూడదని గీత గీశారు. 1924లో ఏ జాతివాళ్ళు తమ దేశంలో ఎంతమంది ఉన్నారో చూసి ఆ నిష్పత్తిలో కోటాలు పెట్టారు. 1946లో భారతీయులకు దయతో ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. ఆ జాతి కోటాల్ని 1965లో కొట్టేసి, ఏ దేశానికీ ఎక్కువ తక్కువలు వద్దు, అందరికీ ఒకటే పరిమితి అన్నారు. జాతిని బట్టి చూడకూడదన్న మంచి ఉద్దేశంతోనే 'అన్ని దేశాలూ సమానం' అన్న రూలు పుట్టింది. దాన్ని సమర్థించేవాళ్ళ వాదన కూడా వినాలి. పరిమితి తీసేస్తే, ఇప్పటికే వరుసలో ఉన్న ఒకటి రెండు పెద్ద దేశాలవాళ్ళే చాలా ఏళ్ళు అన్నీ తీసుకుంటారు, చిన్న దేశంలో పుట్టినవాడు ఊరికే ఎదురుచూడాల్సి వస్తుంది అంటారు. ఈ వాదనను నేను కొట్టిపారేయలేను.

నా అభిప్రాయం మాత్రం ఇది. సమానత్వం ఎవరి మధ్య అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ రూలు దేశాల మధ్య సమానత్వం చూపింది. కానీ ఎదురుచూసేది దేశం కాదు. దేశానికి ఆకలి లేదు, నిద్ర లేదు, 21వ పుట్టినరోజు లేదు. దుక్ఖం అనుభవించేది మనిషే కాబట్టి కొలత కూడా మనిషి దగ్గరే మొదలవ్వాలి. వరుస ఎంత పొడవైనా అందులో నిలబడ్డవాళ్ళందరూ ఇంచుమించు ఒకేలా ఎదురుచూస్తే అది కష్టం. కొందరు ఏడాది, కొందరు జీవితమంతా అయితే, అదీ పుట్టినచోటును బట్టి అయితే, దాన్ని కష్టం అనలేం.

బాబాసాహెబ్ అంబేడ్కర్ రాసిన చిన్న ఆత్మకథాత్మక పుస్తకం ఒకటి ఉంది. 1930ల మధ్యలో రాశారు, ఆయన పోయాక అచ్చయింది. దాని పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. వీసా కోసం ఎదురుచూస్తూ. పేరు చూసి, ఆయన కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళిన కథేమో అనుకుని తెరిచాను. పుస్తకంలో వీసా ఆఫీసు ఎక్కడా లేదు. బరోడాలో అద్దెకు గది దొరక్క, పార్శీ పేరుతో ఒక సత్రంలో దాక్కున్న యువకుడున్నాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి ఆయన్ని ఖాళీ చేయించినవాళ్ళున్నారు. 1934లో అప్పటి నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట దగ్గర, దుమ్ము కొట్టుకుని వచ్చిన ప్రయాణికులు కుంట నీళ్ళతో ముఖం కడుక్కున్నందుకు జరిగిన గొడవ ఉంది. నీళ్ళు ముట్టకుండా చూడమని తుపాకీ పట్టిన మనిషిని వెంట పంపి కోట చూపించారు. అమెరికాలో, ఇంగ్లండులో గడిపిన ఏళ్ళలో తాను అంటరానివాణ్ణన్న సంగతే మనసులోంచి చెరిగిపోయిందని ఆయన రాశారు. బరోడా స్టేషనులో దిగగానే, ఎక్కడికి వెళ్ళాలి, ఎవరు రానిస్తారు అన్న ప్రశ్నతో అది తిరిగి వచ్చింది. సొంత దేశంలో, సొంత చెరువు దగ్గర అనుమతి కోసం నిలబడ్డ మనిషి తన కథకి ఆ పేరు ఎందుకు పెట్టాడో వివరించలేదు. అవసరమూ లేదనుకుంటాను.

అందుకే పరాయి దేశపు కిటికీ గురించి కోపం వచ్చినప్పుడల్లా మన కిటికీ కూడా చూసుకోవాలి. మన దేశపు వీసా దరఖాస్తులో, తల్లిదండ్రులు గానీ తాతలు గానీ పాకిస్తాన్‌వాళ్ళా అన్న ప్రశ్న ఉంది. చేతిలో ఏ దేశపు పాస్‌పోర్టున్నా, పాకిస్తానీ మూలం ఉంటే ఈ-వీసా ఇవ్వరు. భద్రత కోసమంటారు, ఆ భయానికి కారణాలు లేవని నేననను. కానీ అదీ పుట్టుక లెక్కే. అంత దూరమెందుకు, హైదరాబాదులో 'టు లెట్' బోర్డు చూసి తలుపు కొడితే, అద్దె ఎంతో చెప్పకముందే "మీరేవిట్లండి?" అని అడిగే ఇళ్ళు ఎన్ని లేవు?

మరి మన సంఘం తలుపు ఎలా ఉండేది? ఇది చూడకుండా ఇతరులకు నీతులు చెప్పడం బాగుండదు. ఉపసంపద కోరి వచ్చినవాణ్ణి అడిగే ప్రశ్నలు వినయంలో ఉన్నాయి. ఫలానా రోగాలున్నాయా, అప్పులున్నాయా, రాజు కొలువులో ఉన్నావా, ఇరవై ఏళ్ళు నిండాయా, తల్లిదండ్రులు ఒప్పుకున్నారా, పాత్ర, చీవరాలు ఉన్నాయా. ఎవరు వచ్చినా అవే ప్రశ్నలు. ఒక విషయం నాకు చాలా నచ్చింది. మొదట్లో అందరి మధ్యా నిలబెట్టి అడిగేసరికి, కొత్తవాళ్ళు బెదిరిపోయి జవాబు చెప్పలేకపోయారు. అది తెలిసి బుద్ధుడు, ముందు అతన్ని పక్కకు తీసుకెళ్ళి, సంఘం మధ్యలో నిన్ను ఇవి అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పు అని నేర్పి, ఆ తర్వాతే అడగమన్నాడు. గొంతు వణికినందువల్ల ఎవరూ బయట ఉండిపోకూడదని. వీసా కిటికీ ముందు గొంతు వణికిన పిల్లలందరూ నాకు ఇక్కడ గుర్తొస్తారు.

కానీ అక్కడ గుంపును బట్టి పెట్టిన రూలూ ఉంది. వేరే మతశాఖలో ఉండి వచ్చినవాడు ముందు నాలుగు నెలలు పరీక్షకు నిలవాలి. కుశీనగరంలో బుద్ధుడు చివరి గంటల్లో ఉన్నప్పుడు వచ్చిన సుభద్దుడు అలాంటివాడే. నాలుగు నెలలు కాదు, నాలుగేళ్ళయినా ఉంటానన్నాడు. బుద్ధుడు రూలు చెప్పాడు, వెంటనే మనుషుల మధ్య తేడా నాకు తెలుసు అని కూడా చెప్పి, అతన్ని అప్పుడే చేర్చుకోమన్నాడు. రూలు ఉంది. రూలు వెనక మనిషిని చూసే కన్నూ ఉంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ నాలుగు నెలల రూలులో ఇంకో మినహాయింపు ఉంది. వేరే శాఖనుంచి వచ్చినా, శాక్యుడైతే ఆ పరీక్ష అక్కర్లేదు. తన బంధువులకు ఇచ్చిన వెసులుబాటని వినయమే చెబుతుంది. మొదటిసారి చదివినప్పుడు నాకది ముల్లులా గుచ్చుకుంది. ఛందాగతి కాదా ఇది? నేనడిగిన ఒక భంతే, అది దాచిపెట్టిన మినహాయింపు కాదు, బంధువులకని పేరు పెట్టి బయటికి చెప్పినది అన్నారు. శాక్య రాజకుమారులు తమ అహంకారం అణగాలని మంగలి ఉపాలికి తమకంటే ముందు దీక్ష ఇమ్మని కోరి, అతనికి నమస్కరించిన సంగతి కూడా గుర్తుచేశారు. నిజమే. అయినా ఆ ముల్లు పూర్తిగా పోలేదు. పోనక్కర్లేదేమో కూడా. కనీసం కారణం రాసి ఉంది కాబట్టి, ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా నేను దాన్ని ప్రశ్నించగలుగుతున్నాను.

ఇక నా బల్ల సంగతి చెబుతానన్నాను.

జూన్ నెల. కాలేజీ అడ్మిషన్లు. ఆదాయం సర్టిఫికెట్ల కోసం ఆఫీసు నిండా జనం. ఇద్దరు వచ్చారు, ఇద్దరిదీ ఒకే ఊరు, ఇద్దరికీ అరెకరం మెట్ట. ఒకాయన వెంట నాకు తెలిసిన టీచరు వచ్చాడు. కాగితాలు చూశాను, రాశాను, సంతకానికి పంపాను. రెండో ఆయన ఒక్కడే వచ్చాడు. కాగితాలు చూశాను. రేషన్ కార్డు జిరాక్సు మసగ్గా ఉంది, రేపు తీసుకురమ్మన్నాను. నేను లంచం అడగలేదు, తిట్టలేదు. ఆ మనిషి మీద నాకు ద్వేషమేమీ లేదు. మధ్యాహ్నం మూడయింది, తలనొప్పిగా ఉంది, అంతే. ఆయన ఏమీ అనలేదు, వెళ్ళిపోయాడు.

మర్నాడు కూలి మానుకుని మళ్ళీ వచ్చాడు. కాగితాలిచ్చాడు. చూశాను, రాశాను, సంతకం అయింది, ముద్ర కొట్టి చేతికిచ్చాను. ఆయన తీసుకుని, మడత పెట్టి జేబులో పెట్టుకుని, వెళ్ళకుండా నిలబడ్డాడు.

"సారూ, ఇది నిన్న దెచ్చిన జిరాక్సే. కొత్తది దియ్యలే. నిన్న ఏం తక్కువైంది?"

ఆయన గొంతులో కోపం లేదు. నేను ఏమీ మాట్లాడకపోయేసరికి తనే అన్నాడు.

"మా పక్కింటాయన రేపొస్తడు సారూ. తెలిస్తే ఆయనకు జెప్త, అందుకే అడుగుతున్న."